చల్లటి రింగు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఏది తిన్నా కాలిన వార్నిష్ వాసనే కొట్టేది. పప్పులో అదే, పెరుగన్నంలో అదే, ఆవకాయకని తుడిచి ఆరబెట్టిన మామిడి ముక్కల్లోనూ అదే. సారపాక సెంటర్లో కింద షోరూం, మేడ మీద మా కాపురం. కాలిపోయిన మోటార్లను వెనక రేకుల షెడ్డులో విప్పేవాళ్ళు. ఆ కమురు మెట్ల దారిన పైకొచ్చి వంటింట్లో తిష్ట వేసేది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అన్నం వడ్డిస్తుంటే మా అత్తయ్య పద్మావతమ్మ గారు, “అన్నం ముందు ఆ మొహమేంటి లతా? మనకి తిండి పెడుతున్న వాసన అది,” అనేవారు.

రెండు వేల తొమ్మిది. నా మొగుడు జయప్రకాశ్ కరెంటు బండ్ల డీలర్‌షిప్పు తీసుకుని అప్పటికి ఏడాది కూడా కాలేదు. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పెట్రోలు బంకు మొహం చూడక్కర్లేదు అని మైకు పెట్టి చెప్పించాడు. కాగితం మిల్లు కాంట్రాక్టు పనివాళ్ళు, టీచర్లు, అడవి లోపల గూడేల్లో చిన్న చిన్న ఉద్యోగాలు చేసేవాళ్ళు ఎగబడి కొన్నారు. చలికాలమంతా బండ్లు బుద్ధిగా తిరిగాయి. శివరాత్రి దాటి ఎండ ముదిరిందో లేదో, ఒక్కొక్కటే కూలబడటం మొదలుపెట్టాయి.

ఈ బండ్లకు ఇంజను ఉండదు. వెనక చక్రం నడిమధ్యన, మూతపెట్టిన గిన్నెలాంటి హబ్బులోనే మోటారు ఉంటుంది. లోపలంతా రాగి తీగ చుట్టలు. బరువు పెరిగినా, ఎత్తు ఎక్కినా ఆ చుట్టలు వేడెక్కుతాయి. ఆ వేడికి బయటికి దారి దొరక్కపోతే తీగ మీది వార్నిష్ మాడిపోయి మోటారు చచ్చిపోతుంది. ఖమ్మంలో మెకానికల్ డిప్లొమా చదివినదాన్ని కాబట్టి నాకు ఈ సంగతి తెలుసు. అదే డిప్లొమా చదివినదాన్ని కాబట్టి నాకు కౌంటర్లో కూర్చుని ఫోను ఎత్తే పని కూడా దక్కింది.

ఫోన్లన్నీ తిట్లే. తిట్టి తిట్టి జనం అలిసిపోయాక, ఉగాది వెళ్ళిన తర్వాత కంపెనీవాళ్ళు ఓ మందు పంపించారు. అల్యూమినియం రింగులు. పూరీల పళ్ళెమంత గుండ్రంగా, మధ్యలో ఇరుసుకి కన్నం, అంచు చుట్టూ నిలువు రెక్కలు. మోటారు పక్కమూత మీద పెట్టి బోల్టులు బిగిస్తే సరి, లోపలి వేడిని ఈ రింగు లాక్కుని రెక్కల మీదుగా గాలికి వదిలేస్తుందన్నారు. ఆలోచన మంచిదే. చూడ్డానికి కూడా తళతళా మెరుస్తూ బండికి కాలి కడియం తొడిగినట్టుండేది.

జయప్రకాశ్ దాన్ని ఆటగా మార్చేశాడు. బండిని గోదావరి వంతెన దాకా తోలుకెళ్ళి వెనక్కి తెచ్చి, షోరూం ముందు స్టాండు వేసి, వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆ రింగు మీద ఆనించేవాడు.

“చూశారా? కుండలో నీళ్ళలాగా లేదూ? ఈ ఎండకి మీ నెత్తి కాలాలి గాని మా మోటారు కాలదు!”

వాళ్ళు ముట్టుకుని, నిజమేనని తలాడించేవాళ్ళు. 

అలా ముట్టుకున్న వాళ్ళలో జంపక్క ఒకరు. దుమ్ముగూడెం అవతల అడవిలో ఇప్పగుంపు అనే కోయ గూడెంలో అంగన్‌వాడీ టీచరు. పసితనంలోనే పోలియో ఎడమకాలిని పీల్చేసింది. అటూ ఇటూ చిన్న చక్రాలు బిగించిన బండి కొనుక్కుని, జీవితంలో మొదటిసారి ఎవరి భుజమూ పట్టుకోకుండా మండల ఆఫీసుకి వెళ్ళొచ్చిన మనిషి. ఆమె మోటారు మార్చిలోనే కాలింది. కొత్త వైండింగ్ కట్టించి, రింగు బిగించిన బండి తీసుకుపోవడానికి వచ్చింది.

“సారూ, పోయినసారి గూడ గిట్లనే మంచిగ చెప్పినవ్,” అంది. “చలికాలమంత రాణి లెక్క తిరిగిన. ఎండలు రాంగనే తీస్కపోయి వాగుల కూసోబెట్టింది నీ బండి.”

“ఇప్పుడు రింగు వేశాం కదమ్మా. ముట్టుకో, ముట్టుకుని చూడు.” ఆమె చెయ్యి పట్టుకుని ఆనించాడు.

“అవ్, సల్లగనే ఉంది. మా గుంపు దాక గూడ గిట్లనే ఉంటదా?”

“నాదీ గ్యారంటీ.”

ఆమె కర్ర పట్టుకుని బండివైపు తిరగ్గానే జయప్రకాశ్ జేబురుమాలు తీసి, ఆమె చేతిని పట్టుకున్న తన చేతిని వేలు వేలునా తుడుచుకున్నాడు. నేను చూశానని గమనించాడు. నవ్వాడు. 

కాని ఆ రోజు నా ధ్యాస ఆయన చేతి మీద ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే అప్పుడే వంతెన దాకా తిప్పి తెచ్చిన జంపక్క బండి మట్టి కొట్టుకుని ఉందని తడిగుడ్డ తీసుకుని తుడవబోయాను. గుడ్డ రింగు మీద నుంచి జారి లోపలి మూతకి తగిలింది. చుయ్యిమని ఆవిరి లేచింది.

వేలు ఆనించి చూశాను. పక్కన రింగు నిజంగానే కుండలో నీళ్ళలా ఉంది. దానికి అంగుళం దూరంలో మూత అట్లపెనంలా ఉంది. రెండింటినీ బోల్టులు కలిపి పట్టుకునే ఉన్నాయి, అయినా వేడి ఇటునుంచి అటు దాటలేదు. రింగు చల్లగా ఉందంటే మందు పనిచేసినట్టు కాదు, మందు గొంతు దిగనట్టు.

“జంపక్కా, బండి ఇవాళ ఇవ్వను. రేపు రా,” అన్నాను.

“ఏంది మేడం, మళ్ళ ఏమొచ్చింది?”

“వచ్చింది కాదక్కా. రావాల్సింది రాలేదు.”

* * *

మా మెకానిక్కు దూలయ్య. పినపాక మనిషి, యాభై దాటినవాడు. జీవితమంతా మోపెడ్లు బాగుచేసి, ఇంక దేనికీ ఆశ్చర్యపోకూడదని నిర్ణయించుకున్నవాడు. మధ్యాహ్నం షోరూం షట్టరు సగం దించి జయప్రకాశ్ మేడ మీద కునుకు తీస్తుండగా, నేను బట్టలకు పెట్టే నీలిమందును గ్రీజులో కలుపుకుని షెడ్డులోకి వెళ్ళాను.

“నీలిమందేందమ్మా, బండికి దిష్టి బొట్టా?” అన్నాడు దూలయ్య.

రింగు విప్పించి, మూత మీద ఆ నీలాన్ని పల్చగా పూశాను. రింగు మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పాం. రెండూ పూర్తిగా అతుక్కుంటే రింగు అడుగంతా నీలం అవ్వాలి. మూడంటే మూడు చోట్ల, చింతగింజంత మేర అంటింది. మిగతాదంతా తెల్లగా వెక్కిరిస్తోంది. పోతపోసిన రింగును చదును చెయ్యకుండానే పెట్టెలో పెట్టి పంపించారు. దానికి తోడు మూత మీద మందంగా నల్లరంగు. గాలి ఒక పొర, రంగు ఒక పొర. వేడికి ఇన్ని గోడలు కట్టి, పైన వెండి కడియం తొడిగారు.

ఆ మధ్యాహ్నమంతా గీకుడే. మూత మీది రంగు చెక్కేశాం. వాల్వులు అరగదీసే పేస్టు రాసి, తిరగలి తిప్పినట్టు రింగును మూత మీద తిప్పాం. తుడవడం, నీలం పూయడం, చూడటం, మళ్ళీ తిప్పడం. మోచేతుల దాకా నల్లటి మడ్డి. చెమట ఆ మడ్డిలో కలిసి కారుతుంటే నా ఒళ్ళు నాకే రోత పుట్టింది. అయినా ప్రతిసారీ నీలం మచ్చ కాస్త పెద్దదవుతుంటే చెయ్యి ఆగలేదు. చివరికి అడుగంతా నీలం అంటింది. భద్రాచలంలో టీవీ మెకానిక్కు దగ్గర తెల్లటి పేస్టు ఉంటుంది, టీవీల లోపల వేడెక్కే ముక్కల కింద రాసేది. దూలయ్యను పంపి అది తెప్పించి, మిగిలిన సన్న సందులు కూడా పూడేలా పల్చగా రాసి, ఎదురెదురు బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి సమానంగా బిగించాం.

మర్నాడు జంపక్క వచ్చింది. వెనక దూలయ్యను ఎక్కించుకుని, కాళ్ళ దగ్గర బియ్యం మూట పెట్టుకుని వంతెన మీద అటూ ఇటూ తిరిగి వచ్చింది. రింగు మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసింది.

“అబ్బో! సుర్రుమన్నది! మేడం, పాడైనట్టుంది.”

“బాగుపడింది. లోపలి మూత ముట్టుకో.”

భయంభయంగా వేలు ఆనించింది. వేడిగానే ఉంది కాని నిన్నటి పెనం కాదు.

“వేడి ఇంట్లో నుంచి వాకిట్లోకి వచ్చిందక్కా,” అన్నాను. “వాకిట్లోకి వస్తే గాలి తీసుకుపోతది. గుట్ట ఎక్కేటప్పుడు మధ్యలో ఓసారి ఆపుకో. ఇది కూడా దేవుడి మహిమేం కాదు.”

“అంటే కాలుతుంటెనే మంచిదా?”

“రింగు కాలితే మంచిది. ఎండలో దూరం నడిపినా రింగు చల్లగా ఉందనుకో, వెంటనే బండి ఆపి దిగెయ్యి.”

జంపక్క పెద్దగా నవ్వింది. “గిదేందో మా అత్త లెక్కుంది. అరిస్తే మంచిగున్నట్టు, సప్పుడు జెయ్యకుంటె భయపడాలె.”

ఆ తర్వాత మిగతా బండ్లను కూడా ఒక్కొక్కటే పిలిపించి చేశాం. ఫోన్లలో తిట్లు తగ్గాయి. వార్నిష్ వాసన కూడా తగ్గింది. ఒకరోజు పెరుగన్నంలో పెరుగు వాసనే వచ్చింది.

* * *

అప్పుడు మొదలైంది అసలు గొడవ.

మిల్లులో కాంట్రాక్టు పని చేసే దేవ్‌సింగ్ వచ్చాడు. వెనక ఒక పక్కకి కూర్చున్న భార్య మడమ రింగుకి తగిలి బొబ్బ లేచిందట. నేను క్షమాపణ చెప్పి, రింగు ముందు రేకు అడ్డం కట్టించాను. ఎందుకు కాలుతుందో చెప్పాను. అతను విని, “గట్లయితె సరే మేడం. మోటరు కాలినదానికంటె మడమ నయం,” అని భార్య వైపు చూసి నాలుక కరుచుకుని వెళ్ళిపోయాడు.

అది జయప్రకాశ్ పట్టించుకోలేదు. పట్టించుకున్నది వేరే. మర్నాడు కర్ర లారీల కాంట్రాక్టరు ఒకాయన బండ్లు చూడటానికి వచ్చాడు. తన దగ్గర పనిచేసేవాళ్ళందరికీ కొంటానన్నాడు. జయప్రకాశ్ అలవాటుగా బండి తిప్పుకొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని రింగుకి ఆనించాడు. ఆయన ఎగిరి గంతేశాడు.

“ఏందయ్యా ఇది! వంతెన దాక పోయొస్తేనే గిట్ల కాలితే, అడవిల మంటలే లేస్తయ్!”

నేను కౌంటరు దిగి వచ్చి చెప్పబోయాను. ఆయన నా నల్లటి గోళ్ళు చూసి, జయప్రకాశ్ మొహం చూసి, కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ రోజు భోజనాల దగ్గర మామయ్య చెంచురామయ్య గారు తీర్పు చెప్పారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ముదిగొండలో పొలం కొని మిరప పండించి నిలబడ్డ మనిషి. ఆ వేసవికి అత్తయ్యతో కలిసి మా దగ్గరే ఉన్నారు.

“మిరపకాయకి ఘాటుంటే చాలదమ్మాయ్, ఎరుపుండాలి. కొనేవాడు నమిలి కొనడు, చూసి కొంటాడు. మేం బస్తా మూతి దగ్గర ఎర్రకాయలు పోసి, తాలుకాయలు అడుగున తొక్కేవాళ్ళం. వ్యాపారం అంటే అట్టాగే ఉంటది.” చెప్పి, గర్వంగా తేన్చారు.

“చల్లగా ఉంటే కొంటున్నారు, కాలితే పోతున్నారు,” అన్నాడు జయప్రకాశ్, వేళ్ళు నాకుతూ. “ఇందులో ఇంజనీరింగ్ ఏముంది లతా?”

“చల్లగా ఉంటే మోటారు కాలిపోతది.”

“కాలితే వారంటీ ఉంది.”

“ఎవరికైనా ఇచ్చామా ఆ వారంటీ? వచ్చినవాళ్ళందరికీ లోడు ఎక్కువేశావనే కదా చెప్పాం?”

తండ్రీ కొడుకులు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. వాళ్ళ నవ్వు ఒకటే. పై పెదవి లేస్తుంది, కళ్ళు కదలవు. “సరే తల్లీ,” అన్నాడు జయప్రకాశ్. “నీ రింగులు నీ ఇష్టం. నేను వేలు పెట్టను.”

ఆ మాట నమ్మాను.

మే నెలలో ముదిగొండలో మామయ్య మేనకోడలి పెళ్ళి. పనులున్నాయని నన్నూ అత్తయ్యనూ ముందే పంపించారు. పెళ్ళి, వ్రతం, అప్పగింతలు అన్నీ అయి తిరిగొచ్చేసరికి షోరూం మీద కొత్త బ్యానరు వేలాడుతోంది, ‘ఉచిత వేసవి చెకప్’ అని. మంచి పనే చేశాడే అనుకుంటూ మెట్లెక్కాను. వంటింట్లో మళ్ళీ వార్నిష్ వాసన.

* * *

మర్నాడు పొద్దున్నే షోరూం ముందు ట్రాక్టరు ఆగింది. ట్రక్కులో జంపక్క బండి పడుకోబెట్టి ఉంది. దిగినవాడు ఆమె తమ్ముడు దస్రు. చేతుల నిండా తునికాకు పసరు మరకలు. కోపంగా కూడా లేడు. నిద్రలేని కళ్ళు, అంతే.

“అక్క దవాఖానల ఉంది,” అన్నాడు. “భద్రాచలంల. మొన్నటి నుంచి సోయి వస్తంది, పోతంది. ఎండదెబ్బ.”

దుమ్ముగూడెంలో మీటింగు చూసుకుని, సెంటరు పిల్లలకు పప్పు మూట వేసుకుని జంపక్క బయలుదేరింది. ఇప్పగుంపు దారిలో గుట్ట ఎక్కుతుండగా మోటారు కాలి బండి ఆగిపోయింది. తునికాకు కోతల కాలం. తెల్లారకముందే ఆకు కోసుకొచ్చి, ఎండ వేళకు అందరూ గుడిసెల్లో కట్టలు కట్టే పనిలో ఉంటారు. ఆ దారిన పురుగు లేదు. టేకు చెట్లకు ఆకుల్లేవు, నీడ లేదు. కాలికి కట్టిన ఇనుప పట్టీలు చురచుర కాలితే ఊడబీకి పారేసి, పాక్కుంటూ వెళ్ళిందట. సాయంత్రం కల్లానికి ఆకు మోసుకుపోయేవాళ్ళకు రాళ్ళ మధ్య బోర్లా పడి కనపడింది.

జయప్రకాశ్ అంతా విని, బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. “ఎంత మూట వేసింది?”

“పప్పు మూట సార్. చిన్నదే.”

“అదీ సంగతి. ఓవర్‌లోడ్. ఇందులో కంపెనీ తప్పేం లేదు తమ్ముడూ.” దస్రు భుజం తట్టాడు. తట్టిన చేతిని ప్యాంటుకి రాసుకున్నాడు.

నేను స్పానరు తీసుకుని కింద కూర్చున్నాను. ఆ రింగు నేను నా చేత్తో అరగదీసిన రింగు. బోల్టులు తీసి లాగాను. రాలేదు. స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తితే, సాగుతూ, తీగలు తీగలుగా వచ్చింది. రింగుకీ మూతకీ మధ్య నల్లటి జిగురు. అంచున కరగని ముక్క ఒకటి మిగిలింది. పాత సైకిలు ట్యూబు. కత్తెరతో రింగు ఆకారానికి శ్రద్ధగా కత్తిరించిన రబ్బరు.

దూలయ్య వైపు చూశాను. అతను నేల చూశాడు. “ఎవరు ముట్టినా రింగు సల్లగుండాలని సారు పెట్టమన్నడు. చెకప్‌కి వచ్చిన అన్ని బండ్లకు పెట్టినం.”

జయప్రకాశ్ వైపు తిరిగి ఆ ముక్క చూపించాను. “ఇదేంటి?”

“ప్యాకింగ్,” అన్నాడు.

దస్రు మా ఇద్దరి మధ్యనున్న ఆ ముక్కను చూస్తున్నాడు. వేళ్ళకి అంటిన జిగురును గుడ్డతో తుడిచినా పోలేదు, కిరసనాయిలుతో రుద్దినా పోలేదు. ఆ వేళ్ళతోనే దస్రు వెంట ట్రాక్టరెక్కి దవాఖానకి వెళ్ళాను.

జంపక్క కళ్ళు తెరిచే ఉంది. పెదాలు పగిలి అట్టలు కట్టాయి. మోచేతులకు, మంచి మోకాలికి కట్లు. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

“మేడం,” అంది. గొంతు ఇసుకలో ఈడ్చినట్టుంది. “సల్లబడ్డదని నేను చూసిన.”

“ఏంటక్కా?”

“రింగు. చెకప్ చేయించుకొని పోతాంటె తొవ్వల ఆపి ముట్టుకున్న. సల్లగుంది. నువ్వు చెప్పిన మాట యాదికొచ్చి ఎనక్కి మల్లుకొని వచ్చి సారును అడిగిన. సారు ఏమన్నడంటే...” ఊపిరి తీసుకుంది. “మీ మేడమే మార్చింది, ఇప్పుడు సల్లగుంటెనే మంచిది అన్నడు. నువ్వు మారిస్తే మంచిగనే ఉంటదనుకున్న. ఎందుకు మేడం అట్ల మార్చినవ్?”

నేను మార్చలేదని చెప్పాను. రబ్బరు సంగతి చెప్పాను. ఊళ్ళో లేనని చెప్పాను. చెప్పేకొద్దీ నా మాటలు నాకే షోరూం మాటల్లా వినపడ్డాయి. జంపక్క అంతా విని, మొహం గోడవైపు తిప్పుకుంది. దస్రు గ్లాసుతో నీళ్ళు పట్టాడు. ఆమె ఒక గుక్క పుక్కిలించి, మంచం పక్క పళ్ళెంలో ఊసేసింది. నోరు చేదుగా ఉండి ఊసిందో ఇంకెందుకు ఊసిందో నాకు తెలీదు. రెండోదే అయినా నేనేం అనగలను?

* * *

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం భోజనాలు. వంకాయ కూర, మామిడికాయ పప్పు. నాకూ కంచం పెట్టారు అత్తయ్య. 

“ఎట్టా ఉంది ఆవిడకి?” అన్నారు మామయ్య, నెయ్యి వేసుకుంటూ.

“బతుకుతది.”

“మంచిది. పోలీసుల దాకా పోరుగా?”

నేను అన్నం కలిపాను. ముద్ద పైకెత్తితే నా వేళ్ళ నుంచి రబ్బరు కమురు కొట్టింది. “నా పేరెందుకు చెప్పారు?” అన్నాను జయప్రకాశ్‌తో.

అర్థం కానట్టు చూశాడు. తర్వాత గుర్తొచ్చింది. “ఓ, అదా? నేను చెప్తే నమ్మేట్టు లేదు. నువ్వంటే గురి కదా వాళ్ళకి. అందుకని నీ పేరు వాడా.” పప్పులో ముక్క ఏరుకుని, టెంక చీకి, కంచం అంచున ఊశాడు. “నీ పేరుకి అంత విలువుందని సంతోషపడక, ఆ మొహమేంటి?”

ఆయన దవడ కదులుతోంది. మామయ్య దవడా అలాగే కదులుతోంది. పైపెదవి లేవడం, కళ్ళు కదలకపోవడం. ఇన్నేళ్ళు వీళ్ళ ఎదురుగా కూర్చుని ఎలా తిన్నానా అనిపించింది. 

“ఇంత రబ్బరు ముక్క కోసం అన్నం ముందు ఏడుస్తారా ఎవరైనా?” అన్నారు అత్తయ్య.

నేను ఏడవటంలేదు. గ్లాసు అందుకుని, కలిపిన అన్నం మీదే చెయ్యి కడిగేసుకున్నాను. అత్తయ్య అపచారం అన్నట్టు నోరు నొక్కుకున్నారు. లేచి, నాలుగు చీరలు, స్పానర్ల పెట్టె, అరగదీసే పేస్టు డబ్బా సంచిలో పెట్టుకున్నాను. డిప్లొమా సర్టిఫికెట్ సంగతి గుర్తే రాలేదు. నేను మెట్లు దిగుతుండగా జయప్రకాశ్ పైనుంచి, “సాయంత్రానికి వస్తావులే,” అన్నాడు. ఎంగిలి చేత్తోనే నిలబడ్డాడు.

* * *

భద్రాచలంలో ఆ టీవీ మెకానిక్కు తన కొట్టు పక్క సందులో కాస్త చోటిచ్చాడు. పరదా కట్టి, పీట వేసుకుని కూర్చున్నాను. దస్రు తునికాకు కల్లాల దగ్గర సంగతి చెప్పాడు, దేవ్‌సింగ్ మిల్లు గేటు దగ్గర చెప్పాడు. బండ్లు రావడం మొదలైంది. కొందరు నన్ను చూడగానే తిట్టారు, ఆ ఇంటిదాన్నే కదా అని. తిట్టించుకుంటూనే విప్పాను. ప్రతి రింగు కిందా అదే రబ్బరు. కొన్ని అప్పటికే కరిగాయి, కొన్ని ఇంకా కరగబోతున్నాయి. అందరి కళ్ళముందే పీకి, తుడిచి, నీలం పూసి అంటిందో లేదో చూపించి, బిగించి పంపించాను. రోజూ సాయంత్రం ఒళ్ళంతా అదే జిగురు. ఎంత తోముకున్నా వదిలేది కాదు. పీటమీద కూర్చునే తినేదాన్ని. అన్నం మాత్రం సయించింది.

వానలు పడేసరికి సారపాక షోరూం మూతబడింది. వాళ్ళకు శిక్ష పడిందని చెప్పాలనే ఉంది గాని, అలాంటిదేం జరగలేదు. జయప్రకాశ్ ఖమ్మం వెళ్ళి ఇన్వర్టర్లు అమ్ముకున్నాడు. బాగానే అమ్మాడు. నా కోసం ఒకటి రెండుసార్లు కబురు పంపి, ఆ తర్వాత మానేశాడు.

జంపక్క కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. ఎండలోకి వస్తే ఇప్పటికీ కళ్ళు తిరుగుతాయి. ఆ బండికి నేనే మోటారు కట్టించి, రింగు అతికించి ఇప్పగుంపు తీసుకెళ్ళి అప్పజెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి గాని తీసుకోలేదు.

మళ్ళీ ఏడాది ఎండాకాలం రాగానే, ఎవరూ రమ్మనకుండానే బండి వేసుకుని మా సందులోకి వచ్చింది. పరదా నీడలో పీట లాక్కుని కూర్చుంది. నీళ్ళు తాగింది. పిల్లల ముచ్చట్లు చెప్పింది. దస్రుకి సంబంధం కుదిరిందని చెప్పింది. తర్వాత బండివైపు చూపించింది.

“రింగు ఇప్పు.”

ముట్టుకుని చూశాను. చుర్రుమంది. “మంచిగానే ఉందక్కా, కాలుతోంది. ఏమైనా తేడా చేసిందా?”

“ఏం చెయ్యలేదు. ఇప్పు. లోపల చూడాలె.”

“నేను రబ్బరు పెట్టనక్కా.”

జంపక్క నా కళ్ళలోకి చూసింది. అందులో కోపం లేదు, మాట కలిపిన చనువు అలాగే ఉంది.

“తెలుసు,” అంది. “అయినా ఇప్పు.”

స్పానరు తీసుకుని విప్పాను.